ఐదు నెలల బాబుకి అంగం కొన మీది చర్మం వెనక్కి లాగి కడగాలా?

ప్రశ్న – బాబు నాన్న:
మా బాబుకి ఐదు నెలలు. సున్తీ చేయించలేదు. స్నానం పోసేది ఎక్కువగా నేనే. చర్మం వెనక్కి లాగి లోపల కడగకపోతే మురికి పేరుకుపోయి పెద్దయ్యాక ఇబ్బంది పడతాడని ఇంట్లో పెద్దవాళ్ళు గట్టిగా చెబుతున్నారు. లాగడానికి నాకు చెయ్యి రావడం లేదు. పైగా చర్మం కింద తెల్లగా పూసలాంటిది ఒకటి కనిపిస్తోంది. చీము పట్టిందేమోనని టెన్షన్‌గా ఉంది. అసలు ఎలా కడగాలి?

జవాబు – ఇద్దరు అబ్బాయిల అమ్మ:
అస్సలు లాగకండి. మా పిల్లలిద్దరికీ పైపైన గోరువెచ్చని నీళ్ళతో కడగడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. ఆ తెల్ల పూస మా చిన్నవాడికీ వచ్చింది, కొన్నాళ్ళకి దానంతట అదే బయటికొచ్చి పోయింది.

జవాబు – పిల్లల వార్డు నర్సు:
మీ చెయ్యి రాకపోవడమే మంచిదైంది. పుట్టిన పిల్లల్లో ఆ చర్మం లోపలి భాగానికి, గోరు వేలికి అతుక్కున్నట్టు, అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు. 1949లో బ్రిటన్‌లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే పిల్లల డాక్టర్ అప్పుడే పుట్టిన బాబులను పరిశీలిస్తే, చర్మం పూర్తిగా వెనక్కి వచ్చింది నూటికి నలుగురికే. 1968లో డెన్మార్క్‌లో యాకోబ్ ఓస్టర్ బడి పిల్లల మీద ప్రచురించిన అధ్యయనంలో 6-7 ఏళ్ళవాళ్ళలో సగం మందికి పైగా ఇంకా ఎంతో కొంత అతుకు ఉంది. 16-17 ఏళ్ళు వచ్చేసరికి అది నూటికి ముగ్గురికే మిగిలింది. అంటే దాని టైమ్‌కి అదే విడిపోతుంది.

బలవంతంగా లాగితే చర్మం చిరిగి రక్తం వస్తుంది. ఆ గాయం మానేటప్పుడు మచ్చ కట్టి చర్మం నిజంగానే బిగుసుకుపోవచ్చు. ఏ ఇబ్బంది రాకూడదని లాగుతారో ఆ ఇబ్బందే వస్తుంది! నాకు బాధ కలిగించేది ఇదే.

తెల్ల పూస చీము కాదు. రాలిన చర్మకణాలు అలా ముద్ద కడతాయి. పిండొద్దు, దూదిపుల్ల లోపలికి పెట్టొద్దు, యాంటీసెప్టిక్ వాడొద్దు. పైన నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది ఆరనివ్వండి. తడిసిన డైపర్ వెంటనే మార్చండి. అంతే.

ప్రశ్న – ఇంకో అమ్మ:
మా వాడికి రెండేళ్ళు. ఉచ్చ పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బుతోంది. ఫర్వాలేదా?

జవాబు – పిల్లల వార్డు నర్సు:
నొప్పి లేకుండా ధార బాగా వస్తుంటే కంగారు లేదు, అతుకు విడిపోతున్న రోజుల్లో అలా కనిపిస్తుంది. ధార సన్నగా చుక్కలు చుక్కలుగా వస్తున్నా, పోసేటప్పుడు ఏడుస్తున్నా, ఎర్రగా వాచినా, చీము కారినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించండి. వెనక్కి వెళ్ళిన చర్మం ముందుకు రాక అక్కడే బిగుసుకుపోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అది ఎమర్జెన్సీ.

బాబు నాన్న:
చాలా థాంక్స్ అండీ, గుండె కుదుటపడింది. మరి ఎప్పుడు కడగడం నేర్పాలి?

జవాబు – పిల్లల వార్డు నర్సు:
చర్మం తేలిగ్గా కదలడం మొదలయ్యాక వాడే, నొప్పి లేనంతవరకే వెనక్కి తీసి, నీళ్ళతో కడుక్కుని, మళ్ళీ ముందుకు తెచ్చుకోవాలి. అది వాడి చేత్తోనే జరగాలి. ఈలోపు బాబుకి స్నానం పోసేవాళ్ళందరికీ, పరీక్ష చేసేవాళ్ళకి కూడా, చర్మం లాగొద్దని ముందే చెప్పండి. మొహమాటపడొద్దు.