మడ అడవిలో పీతల వేటకు సామూహిక హక్కు: ఎవరైనా దారి చెప్పగలరా?

నమస్కారమండీ. మాది కోరింగ మడ అడవుల పక్కన యానాదుల పేట. పాటు సమయంలో (సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు) బురదలోకి దిగి, బొరియలో ఇనప కొక్కెం పెట్టి మండ పీతలు తీయడమే మా జీవనాధారం. గుడ్ల పీత దొరికితే అక్కడే వదిలేస్తాం. మడ కొమ్మ విరవం. అయినా ఈ మధ్య కాలవలోకి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంటోంది.

2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి)లో చేపలు, నీటి వనరుల మీద సామూహిక హక్కు ఉంది, కోరింగ లాంటి అభయారణ్యాలకూ వర్తిస్తుంది. ఫారం-బి (సామూహిక హక్కుల దరఖాస్తు) నింపి తీసుకెళ్తే ఒక ఆఫీసులో "అది ఏజెన్సీ వాళ్లకే" అని నోటిమాటతో పంపేశారు. రాసివ్వమంటే ఇవ్వలేదు. అసలు దరఖాస్తు తీసుకోవాల్సింది గ్రామసభ వేసే అటవీ హక్కుల కమిటీ కదా, మా ఊళ్లో అదే లేదు!

కమిటీ వేయమని గ్రామసభను అడగాలంటే అర్జీ ఎవరి పేరిట పెట్టాలి? పెద్దల వాంగ్మూలం సాక్ష్యంగా చెల్లుతుందని ఆ చట్టం నియమాల్లోని రూల్ 13లో చదివాను. పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టర్‌లో (ఊరి జీవజాతులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసే పుస్తకం) మా వేట పద్ధతులు రాయిస్తే అదీ పనికొస్తుందా? మాలాంటి ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్‌ను ఇస్తారు సరే (న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తాం), కానీ ఈ చట్టం మీద పనిచేసినవాళ్లు కావాలి. కాకినాడ, అమలాపురం వైపు ఎవరైనా తెలిస్తే చెప్పండి.