నరసాపురం నుంచి అంతర్వేది, కోనసీమ కాలువ గట్లు: ఒక్కరోజు చాలుతుందా?

గూటిపడవ:
సంక్రాంతి వెళ్లాక అమ్మానాన్నలతో ఒక రోజు తిరగాలనుకుంటున్నాను. పొద్దున నరసాపురంలో బయల్దేరి అంతర్వేది, అప్పనపల్లి, ద్రాక్షారామం, యానాం, కోరింగ మడ అడవులు చూసుకుని రాత్రికి కాకినాడలో రైలెక్కాలని. కారు ఉంది. వెళ్లొచ్చినవారు చెప్పండి.

లంకకొబ్బరి:
ఇది షికారు కాదండీ, పరుగు పందెం. వశిష్ఠ, వైనతేయ, గౌతమి, మూడు గోదావరి పాయలు దాటాలి. గౌతమి అవతలివన్నీ కొట్టేయండి. పెద్దవాళ్లను కారులో కూర్చోబెట్టి ఊళ్ల పేర్లు చదివించడానికా వెళ్లేది?

రేవుగట్టు:
చించినాడ వంతెన మీదుగా రోడ్డున్నా నరసాపురంలో పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కండి. కారునూ ఎక్కించుకుని సఖినేటిపల్లి రేవులో దింపుతుంది. మేం వెళ్లిన రోజు మా కారు పక్కన పాల క్యాన్లు, రెండు మేకలు, ఎవరింటికో వెళ్తున్న సారె బిందెలు. బిందెల మీద గుడ్డ గాలికి లేచినప్పుడల్లా మేకలు అటే చూస్తున్నాయి. మోకాళ్ల నొప్పులని కారు దిగనన్న నాన్నగారు పంటు కదలగానే దిగి, అవతలి ఒడ్డు వచ్చేదాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

గూటిపడవ:
కోరింగ కొట్టేశాను. యానాం మీద మాత్రం ఇంకా మనసు పీకుతోంది.

కాలువలాకు:
యానాం ఎక్కడికీ పోదు. ముందు తేదీ చూసుకోండి. అంతర్వేది నరసింహస్వామి కల్యాణం భీష్మ ఏకాదశికి. ఆ రోజుల్లో జనం మధ్య అమ్మగారు నడవలేరు. మామూలు రోజైతే దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టుకు వెళ్లండి. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేది అక్కడే. నీళ్లు మందకొడిగా కనిపిస్తాయి, నమ్మి దిగకండి.

మధ్యాహ్నం రాజోలు వైపు వస్తే దిండిలో పడవ షికారు ఉంది. నాకు మాత్రం ఇంజను మోత పడదు. అంతకంటే కాలువ గట్టున కొబ్బరి నీడలో కారు ఆపుకోవడమే హాయి. ఈ కాలువలు ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) పుణ్యమే. కాటన్ దొర వీటిని పొలాలకే కాదు, పడవలకూ పనికొచ్చేలా తవ్వించారు. నీటి మట్టం మారేచోట పడవను దించడానికీ ఎక్కించడానికీ పెట్టినవే లాకులు. ఓపికుంటే పి.గన్నవరం అక్విడక్టు చూడండి. కింద వైనతేయ, దాని మీదుగా కాలువ!

లంకకొబ్బరి:
ఎండాకాలానికి మాత్రం వాయిదా వేయకండి. మరమ్మతులకని కాలువలు కట్టేస్తే గట్టున కూర్చుని బురద చూడాలి.

పులుసుప్రియ:
భోజనం సంగతి ఎవరూ ఎత్తలేదేం? పులస ఉందంటే జనవరిలో నమ్మకండి. అది వరద నీటికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప, శ్రావణ భాద్రపదాల సరుకు. పుస్తెలమ్మైనా తినాలంటారని ఓ సంక్రాంతికి మేమూ ఒక హోటల్లో అడిగినంత ఇచ్చి తిన్నాం. ఐసు పెట్టెలోంచి తీసిన ఏదో చేప. పులుసు బాగుంది, అది వేరే మాట. మీరు చందువా పులుసు చెప్పండి.

గూటిపడవ:
సరే, యానాం కూడా పోయింది. పంటు, అంతర్వేది, కాలువ గట్టు, వీలైతే అక్విడక్టు. సాయంత్రం మళ్లీ పంటు మీదే నరసాపురం.

రేవుగట్టు:
అయితే పొద్దున దాటినప్పుడే చివరి పంటు ఎన్నింటికో రేవులో అడిగి ఉంచుకోండి. మేం అడగలేదు. చీకట్లో చించినాడ చుట్టు తిరిగి వచ్చాం. పంటు ఎక్కించలేదని నాన్నగారు పాలకొల్లు దాకా మాట్లాడలేదు.