‘దోషం సరిదిద్దబడింది’ అన్న వాక్యం గురించి

మాస్టారికి నమస్కారం. రుషికొండ ఐటీ కార్యాలయాల్లో సర్వర్లు చూసుకునే సిబ్బంది కోసం మీరు రాస్తున్న తెలుగు కరదీపికలో ‘మెమరీలో దోషం సరిదిద్దబడింది’ అన్న వాక్యాన్ని ఉంచవచ్చా అని అడిగారు. ‘బడు’ ప్రయోగం తెలుగుకు నప్పదని ఇప్పటికే కొందరు సభ్యులు చెప్పారు. నాకు అంతకంటె పెద్ద అభ్యంతరం, ఆ వాక్యం చదివినవారు మెమరీ బాగుపడిందని అనుకునే ప్రమాదం ఉండటం.

ఈసీసీ మెమరీలో, అంటే తప్పులను పట్టి దిద్దే ఏర్పాటున్న మెమరీలో, సాధారణంగా 64 బిట్ల (0 లేదా 1 అంకెల) డేటాకు 8 తనిఖీ బిట్లు తోడవుతాయి. 1950లో రిచర్డ్ హామింగ్ ప్రచురించిన పద్ధతికి విస్తరణ అయిన ఈ ఏర్పాటులో, ఒక బిట్ తారుమారైతే, మెమరీని చదివే, రాసే భాగమైన మెమరీ కంట్రోలర్ దానిని గుర్తించి దిద్దుతుంది. రెండు మారితే తప్పు ఉందని మాత్రమే చెప్పగలదు. మూడు మారితే వేరే బిట్‌ను దిద్ది తప్పును పెంచనూవచ్చు. పైగా అది దిద్దేది ప్రాసెసర్‌కు వెళ్లే డేటాను. తాళపత్రంలోని లేఖకుడి తప్పును సవరించి పైకి చదివినంత మాత్రాన ఆకు మీది అక్షరం మారదు కదా. అలాగే కంట్రోలర్ తిరిగి రాసేదాకా చిప్‌లో తప్పు బిట్ అలాగే ఉంటుంది.

‘దోషం’ అన్న మాటతోనూ చిక్కు ఉంది. ఆల్ఫా కణమో, విశ్వకిరణాల వల్ల పుట్టిన న్యూట్రానో తాకి బిట్ మారినప్పుడు చిప్ చెడిపోయినట్టు కాదు. తిరిగి రాస్తే సరిపోతుంది. చిప్‌లో ఒక భాగమే పాడైతే అదే చోట తప్పు పదేపదే వస్తుంది. అందువల్ల మారిన బిట్‌ను ‘తప్పు’ అనీ, చిప్ పాడవడాన్ని ‘లోపం’ అనీ వేరుచేసి, కరదీపిక అంతటా ఆ తేడా పాటించాలని నా మనవి.

ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘చదివిన డేటాలో ఒక బిట్ తప్పును మెమరీ కంట్రోలర్ దిద్దింది. ఇదే మాడ్యూల్‌లో ఇది మళ్లీ మళ్లీ నమోదవుతుంటే మాడ్యూల్‌ను మార్చండి.’ కాస్త పొడుగే, కానీ చదివినవారికి ఏం చేయాలో తెలుస్తుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో దిద్దిన తప్పులకూ, దిద్దలేనివాటికీ లెక్కలు విడివిడిగా ఉంటాయి కనుక రెండింటికీ వేర్వేరు వాక్యాలే ఉండాలి.

డీడీఆర్5 రకం మెమరీ చిప్‌ల లోపలే ఉండే ఈసీసీని మాత్రం దీనితో కలపకండి. చిప్ నుంచి కంట్రోలర్‌కు వచ్చే దారిలో పుట్టే తప్పును అది పట్టుకోలేదు. దానిని ‘చిప్ లోపలి ఈసీసీ’ అని వేరే పేరాలో వివరించండి.