ఫ్రెడ్ ఆస్టెయిర్ – డిక్ కావెట్ షో ఇంటర్వ్యూ పూర్తిగా ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. హాలీవుడ్ డాన్సర్, నటుడు ఆస్టెయిర్ పాత టీవీ ఇంటర్వ్యూ ఒకటి వెతుకుతున్నాను. అమెరికాలో డిక్ కావెట్ షోకి ఆయన 1970లో ఒకసారి, 1971లో ఇంకోసారి వచ్చారు. నా దగ్గరున్నది నాలుగు నిమిషాల ముక్క, అదీ మసకమసకగా. 1899లో పుట్టిన మనిషి, అప్పటికే డెబ్బై దాటాయి. అయినా కుర్చీలోంచి లేచే తీరులోనే తాళం కనిపిస్తుంది!

నాకు ముఖ్యంగా కావాల్సింది ఆయన పని గురించి చెప్పిన మాటలు. తల నుంచి పాదం దాకా మొత్తం ఒంటినీ ఒకే ఫ్రేములో చూపించాలని ఎందుకంత పట్టుబట్టేవారు? 1951లో వచ్చిన 'రాయల్ వెడ్డింగ్' సినిమా కోసం గోడల మీద, పైకప్పు మీద చేసిన డాన్స్ సంగతి ఈ రెండింటిలో ఎక్కడైనా వచ్చిందా? గది మొత్తం గుండ్రంగా తిరిగేది, కెమెరా కూడా దాంతోపాటే తిరిగేది. ఆ కిటుకు తెలిశాక కూడా ఆ పాట చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి.

రెండు ఎపిసోడ్లూ చూసినవాళ్లు ఏది ముందు చూడాలో చెప్పండి. డీవీడీ అయినా కొంటాను. 1976లో బీబీసీలో పార్కిన్సన్‌తో మాట్లాడింది చూసేశాను, దయచేసి మళ్లీ ఆ లింకే పెట్టకండి.