మిర్చి రకం తేల్చే ఫోనును నిలదీసేదెవరు?

అడిగినవారు: నర్సంపేట మిర్చి రైతు

రెండెకరాల్లో చపాటా మిర్చి వేశాం. ఈసారి ఒక ఖరీదుదారు మనిషి కల్లానికి వచ్చి, ఆరబోసిన కాయలను ఫోనుతో ఫొటో తీశాడు. అర నిమిషంలో ‘రెండో రకం’ అని తెర మీద పడింది. ఎందుకని అడిగితే, ‘కృత్రిమ మేధ చెప్పింది, నా చేతిలో ఏముంది’ అన్నాడు. మా అమ్మ గుప్పెడు కాయలు తీసి ఒక్కొక్కటీ తిప్పి చూపించింది. ఒక్క తాలు (రంగు పోయిన) కాయ లేదు. అయినా ధర తగ్గించే కొన్నాడు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

చపాటా లావుగా, టమాటాలా ఉంటుంది. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఫోను సన్నటి తేజ కాయలనే చూసి నేర్చుకుందని నా అనుమానం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో జెండా పాట (ధర తేల్చే వేలం) నలుగురి ముందు జరుగుతుంది, తేడా వస్తే అక్కడే అడుగుతాం. ఫోనును ఎలా అడగాలి? ఇలాంటివి ఊళ్లోకి రాకముందే రైతుల మాట వినే పద్ధతి ఎక్కడైనా ఉందా?

ములుగు నుంచి, సామాజిక తనిఖీల్లో పనిచేశాను

తమ్ముడూ, దారి మన దగ్గరే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులను తనిఖీ చేసే హక్కు గ్రామసభకు ఇచ్చింది. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో తనిఖీలు మొదలయ్యాయి. మస్టర్లు (హాజరు పట్టీలు) పైకి చదువుతుంటే, చదువు రాని కూలీలు లేచి ‘ఆ రోజు నేను పనికే పోలేదు’ అని చెప్పేవారు. కంప్యూటర్ తెలియకపోయినా మీ అమ్మగారికి కాయ తెలుసు. తనిఖీకి కావలసింది ఆ తెలివే.

హనుమకొండ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థిని

ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకి నగరాలు తాము వాడే అల్గారిథమ్‌ల (నిర్ణయాలకు వాడే కంప్యూటర్ పద్ధతుల) పట్టికను 2020లో ప్రజల ముందు పెట్టాయి. కానీ అవి నగర పాలనలో వాడేవి. ఖరీదుదారు సొంత ఫోను అందులోకి రాదు. పైగా పట్టిక చూసినంత మాత్రాన తీర్పు మారదు. అన్నా, మూడు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడగండి: ఏ రకాల కాయలతో నేర్పారు, తప్పు చెబితే తిరిగి చూసే మనిషి ఎవరు, ఆ నష్టం ఎవరు భరిస్తారు. జవాబు ఇచ్చేదాకా ఫోను చెప్పిన ధరకు ఊరంతా ఒప్పుకోకూడదు. ఒక్కరే అడిగితే పక్క కల్లానికి వెళ్లిపోతారు.

నర్సంపేట మిర్చి రైతు

అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. చపాటా, తేజ, తాలు మూడు మూటలు కట్టి పెట్టింది. వచ్చే గ్రామసభలో ఆ మనిషిని పిలిచి, అందరి ముందు మూడింటికీ ఫొటో తీయమంటాం.