నర్సరీకి సోలార్: తమ్ముడిది రైటా, నాన్నది రైటా?

హెసరఘట్ట నర్సరీ:
బెంగళూరు హెసరఘట్ట వైపు మాది ఇంటిల్లిపాదీ కష్టపడి నడుపుకునే పూల నర్సరీ. పాలీహౌసుల్లో (ప్లాస్టిక్ షీటు కప్పిన పందిళ్లు) జెర్బెరా, చామంతి, బయట కుండీ మొక్కలు. బోరు, నీటిని మంచులా చల్లే ఫాగర్లు, పూలకు ఒక కోల్డ్ రూమ్. ప్యాకింగ్ షెడ్డు మీద 20 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని తమ్ముడు, ఉన్న అప్పు చాలదా అని నాన్న. మీరేమంటారు?

కోలారు రైతుబిడ్డ:
వద్దన్నా. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా పంపుసెట్లకు కరెంటు ఫ్రీ. ఉత్తినే వచ్చేదానికి లక్షలు పోయడం ఎందుకు?

చామంతి మడి:
ఆ ఫ్రీ కరెంటు పొలంలో పంపుసెట్టుకండీ. ప్రైవేటు నర్సరీలకు టారిఫ్ వేరే, బిల్లు కట్టాల్సిందే. కోల్డ్ రూమ్‌కైతే ఎలాగూ తప్పదు.

నేను సోలార్ వద్దనను గానీ, వరస తప్పింది అంటాను. మన వాతావరణానికి చలిదేశాల్లోలా పాలీహౌస్‌ను వేడి చేసే పనే లేదు. పక్క తెరలు ఎత్తితే చాలావరకు గాలే చల్లబరుస్తుంది. యూనిట్లు మింగేది బోరు, కోల్డ్ రూమ్, చామంతి లైట్లు. రాత్రి నిడివి పెరిగితే చామంతి మొగ్గేస్తుంది కదా, కాడ సాగేదాకా దాన్ని ఆపడానికి నడిరాత్రి కొన్ని గంటలు లైట్లు వేస్తాం. కొన్ని తోటల్లో ఇంకా వంద వాట్ల పాత బల్బులే. కింద నిలబడితే నడినెత్తికి సెగ తగులుతుంది, ఆ సెగకు కూడా మనమే బిల్లు కడుతున్నాం! పది వాట్ల ఎల్ఈడీతో పని జరిగిపోతుంది. ముందు బల్బులు మార్చండి, కోల్డ్ రూమ్ తలుపు రబ్బరు చూడండి. అప్పుడు వచ్చే బిల్లును బట్టి సోలార్ సైజు తేల్చుకోవచ్చు. 10 కిలోవాట్లే సరిపోతాయేమో.

హెసరఘట్ట నర్సరీ:
బల్బులు మార్చేశామండీ. వేసవిలో కరెంటు పోతే కోసిన పూల గురించే టెన్షన్. సోలార్ ఉంటే ఆ బాధ ఉండదంటాడు తమ్ముడు.

వైరింగ్ బాబాయ్:
ఉంటుంది బాబూ! బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్, అంటే కరెంటు లైనుకు కలిపి నడిచే సోలార్, లైన్ పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. అమ్మేవాళ్లు ఈ ముక్క అడిగితే గానీ చెప్పరు. జనరేటర్ ఉంటే అమ్ముకోవద్దు.

లెక్క మాత్రం మీ తమ్ముడి వైపే. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే 20కి 80. వానాకాలం మబ్బుల్లో తగ్గుతుంది. బోరు పగలే నడిపి తొట్టి నింపుకోండి, మిగిలిన సోలార్ కరెంటు లైన్లోకి పోయి నెట్ మీటరింగ్ కింద బిల్లులో సర్దుబాటవుతుంది. కేంద్రం సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, అది ఇళ్లకే. ప్యానెళ్లు షెడ్డు మీదే పెట్టండి, రెండు వేల చదరపు అడుగులు కావాలి. పాలీహౌస్ మీద వద్దు. ఆ పైపులు అంత బరువు మోయవు, నీడ పడితే పూత తగ్గుతుంది.

చామంతి మడి:
బాబాయ్, వీళ్ల భయం కరెంటు కోతల గురించి. ఆ డబ్బుతో కోల్డ్ రూమ్ గోడలకు మంచి ఇన్సులేషన్ చేయిస్తే కోతల్లోనూ చల్లదనం నిలుస్తుంది. 20 కిలోవాట్లు ఇప్పుడే ఎందుకు?

వైరింగ్ బాబాయ్:
ఇప్పుడు 10 పెట్టి రేపు పెంచాలంటే మళ్లీ అప్లికేషన్లు, ఇన్వర్టర్ మార్పిడి. షెడ్డు రేకులు బరువు మోస్తాయంటే ఒకేసారి 20 పెట్టించమంటాను. హెసరఘట్ట బాబూ, మీ బిల్లు మీద మంజూరైన లోడు ఎంత రాసుంది?