కమోడోర్ 64లో తెర నల్లగా ఉంది: ముందుగా ఏది చూడాలి?

ప్రశ్న

నాకు ఇటీవల 1980ల నాటి ఇంటి కంప్యూటర్ కమోడోర్ 64 ఒకటి దొరికింది. తొలినాటి గోధుమరంగు డబ్బాలో ఉంది. దానితోపాటు అప్పటి పవర్ సప్లై, 1541 డిస్క్ డ్రైవ్ కూడా వచ్చాయి. స్విచ్ వేస్తే ఎర్ర దీపం వెలుగుతోంది కానీ టీవీలో నల్ల తెర తప్ప ఏమీ కనిపించడం లేదు. పాత కెపాసిటర్లన్నీ మార్చేయమని కొందరు సలహా ఇచ్చారు. యంత్రం బాగుపడితే మెమరీ పెంచుకోవాలని, ఫ్లాపీలకు బదులు ఎస్‌డీ కార్డు వాడుకోవాలని నా కోరిక. మిగిలిన చిప్‌లకు హాని కలగకుండా పని ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ముందు ఆ పవర్ సప్లైని యంత్రం నుంచి తీసి పక్కన పెట్టండి, మళ్ళీ తగిలించకండి. అది 5 వోల్టుల డీసీని, 9 వోల్టుల ఏసీని విడివిడిగా ఇస్తుంది. లోపలంతా రెసిన్ పోసి మూసేయడం వల్ల వేడి బయటికి పోదు. ఏళ్ళు గడిచేకొద్దీ వోల్టేజిని స్థిరంగా ఉంచే 5 వోల్టుల రెగ్యులేటర్ దెబ్బతిని, వోల్టేజి తగ్గడానికి బదులు పెరిగిపోతుంది. ఆ పెరిగిన వోల్టేజి నేరుగా ర్యామ్ చిప్‌ల మీద పడుతుంది. ఎర్ర దీపం వెలగడం 5 వోల్టుల లైన్‌లో ఏదో కరెంటు ఉందని మాత్రమే చెబుతుంది, అది సరిగ్గా 5 వోల్టులేనని చెప్పదు. మల్టీమీటర్‌తో కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు సరైన అంకెనే చూపించి, కాసేపు వేడెక్కాక పైకి పోయే సప్లైలు చాలానే ఉంటాయి కాబట్టి ఆ కొలతను నమ్ముకోవద్దు. కొత్తగా తయారైన, నమ్మకమైన సప్లై సంపాదించాకే తక్కిన పరీక్షలు చేయండి.

రెండవ జవాబు

పై సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. కొత్త సప్లై వచ్చాక, లోపం యంత్రంలో ఉందా, టీవీకి వెళ్ళే సిగ్నల్‌లో ఉందా అన్నది తేల్చుకోవాలి. డిస్క్ డ్రైవ్ కలిపి, రెండింటినీ ఆన్ చేసి కొన్ని క్షణాలు ఆగండి. తెర చూడకుండానే లోడ్ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, వెంటనే "$",8 అని కొట్టి, రిటర్న్ నొక్కండి; ఇది డిస్క్‌లోని ఫైళ్ళ జాబితాను డ్రైవ్ నుంచి అడిగే ఆదేశం. ఈ కీబోర్డులో కొటేషన్ గుర్తు షిఫ్ట్‌తో 2 మీద, డాలర్ గుర్తు షిఫ్ట్‌తో 4 మీద ఉంటాయి. డ్రైవ్ దీపం మొదట ఒకసారి వెలిగి ఆరిపోవడం మామూలే; రిటర్న్ నొక్కాక మళ్ళీ వెలిగి డిస్క్ తిరిగితే మాత్రం ప్రాసెసర్, ర్యామ్, రోమ్ చాలావరకు పనిచేస్తున్నట్టే, అప్పుడు వీడియో వైపు వెతకాలి.

తిరగకపోతే ర్యామ్‌ను, ఏ సమయంలో ఏ చిప్ పనిచేయాలో నిర్ణయించే పీఎల్ఏ చిప్‌ను అనుమానించండి. మీ నమూనాలో ర్యామ్ అంటే 4164 రకం చిప్‌లు ఎనిమిది. ప్రతి బైట్‌లోని ఒక్కొక్క బిట్‌ను ఒక్కొక్క చిప్ భద్రపరుస్తుంది కాబట్టి ఒక్కటి పోయినా యంత్రం మొదలవ్వదు. ఆన్ చేసిన కొద్దిసేపటికి వేలితో మెల్లగా తాకి చూడండి: తక్కినవి గోరువెచ్చగా ఉన్నప్పుడు ఒకటి మాత్రం చురుక్కుమంటే దాదాపుగా అదే దోషి.

ప్రశ్న అడిగిన వారు

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. కొత్త సప్లైతో పరీక్షించాను. డ్రైవ్ కదలలేదు, ర్యామ్ వరుసలో ఒక చిప్ మాత్రం ముట్టుకోలేనంత వేడిగా ఉంది. బోర్డుకు నేరుగా సోల్డర్ చేసి ఉన్న దాన్ని తీయడం ఎలా?

రెండవ జవాబు ఇచ్చినవారు

పాడైన చిప్‌ను కాపాడుకోవలసిన అవసరం లేదు, కాపాడుకోవలసింది బోర్డు మీది సన్నని రాగి గీతలనే. కాబట్టి చిప్ కాళ్ళను సన్నని కట్టర్‌తో ముందే కత్తిరించి, ఒక్కొక్క కాలును విడిగా వేడిచేసి, లాగకుండా దానంతట అది వదిలేలా తీయండి. రంధ్రాలు శుభ్రం చేశాక సాకెట్ పెట్టి, అందులో కొత్త చిప్‌ను గుచ్చండి. చిప్ మీది గంటు పాతదాని గంటు ఉన్న వైపే ఉండాలి.

మూడవ జవాబు

కెపాసిటర్ల విషయంలో నా అభిప్రాయం వేరు. ఈ యంత్రంలో నల్ల తెరకు అవి కారణం కావడం అరుదు. ఉబ్బినవి, కారినవి, కొలతలో తేడా చూపినవి మాత్రమే మార్చండి; బాగున్న వాటిని పీకడం వల్ల బోర్డుకు కలిగే గాయమే ఎక్కువ.

విస్తరణకు బోర్డును కోయనవసరం లేదు. ఎస్‌డీ కార్డు పరికరాన్ని 1541 తగిలించే సీరియల్ పోర్టుకే కలపవచ్చు. 1541 డిస్క్‌లో ఒక వైపు పట్టేది సుమారు 170 కిలోబైట్లే కాబట్టి ఒక చిన్న కార్డులోనే పెద్ద సేకరణ ఇముడుతుంది. మెమరీ కోసమైతే వెనుకనున్న కార్ట్రిడ్జ్ పోర్టులో పెట్టే ర్యామ్ యూనిట్లు ఉన్నాయి. కమోడోర్ సంస్థ 256 కిలోబైట్ల 1764 యూనిట్‌తో కలిపి బలమైన సప్లైని కూడా ఇచ్చేది, ఎందుకంటే మామూలు సప్లై ఆ అదనపు భారాన్ని మోయలేదు. మీరు ఏది కొన్నా, దానికి కావలసిన కరెంటును మీ కొత్త సప్లై ఇవ్వగలదో లేదో ముందే చూసుకోండి. ఆన్‌లో ఉండగా కార్ట్రిడ్జ్‌ను పెట్టడం, తీయడం చేయవద్దు.

శబ్దం మెరుగుపడుతుందని ఎవరైనా చెప్పినా, మీ 6581 శబ్ద చిప్ స్థానంలో దాని తర్వాతి రకమైన 8580ని నేరుగా పెట్టకండి. మొదటిదానికి 12 వోల్టులు, రెండవదానికి 9 వోల్టులు కావాలి, ఫిల్టర్ కెపాసిటర్ల విలువలు కూడా వేరు.